పెనుగాలికి ఎదురైన చిన్నదీవులు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు గావించిన ఉపన్యాస పాఠము)



సముద్రుడు చెలియలికట్ట దాటడని పూర్వకవులు వర్ణించియున్నారు. ఆ మర్యాద ఎంతవఱకు నిలుచునో సముద్రతీరమున కాపురముండువారికి తెలియును. భూగోళమున ఆవలిప్రక్కనున్న కొన్ని చిన్నదీవుల వృత్తాంతము ఈ విషయమున విచారింపదగినది.

దక్షిణ అమెరికాకు ఉత్తరమున, కరిబియన్ సముద్రపు తూర్పు అంచున, సెయింట్ విన్సెంటు, గ్రెనడా అను ద్వీపములు కలవు. ఆ రెంటి నడుమ వరుసగా నున్న చిన్నదీవులకు గ్రెనడీన్స్ అని పేరు. అందు కారియకూ, పెటీ మార్టినీక్ అనునవి గ్రెనడాకును, యూనియన్ ఐలండ్ మున్నగునవి సెయింట్ విన్సెంటునకును చెందినవి. కారియకూ వైశాల్యము సుమారు 34 చదరపు కిలోమీటర్లు. సామాన్యమైన మన మండలమొకదానిలో ఇట్టివి కొన్ని ఇముడును. చేపలవేట, ఓడపని అచటివారికి ముఖ్యవృత్తులు. వారు కొయ్యపడవలు కట్టు విద్యను 2023లో యునెస్కో సంస్థ మానవజాతి వారసత్వములలో చేర్చినది. మనదేశముతోను ఆ ప్రాంతమునకు సంబంధము లేకపోలేదు. 1861లో ట్రావంకోర్ అను ఓడ మద్రాసు రేవునుండి కూలీలను సెయింట్ విన్సెంటునకు చేర్చినది. వారి సంతతివారు నేటికిని ఆ దేశమున నున్నారు.

మనము తుఫాను అనుదానినే అచట హరికేన్ అందురు. ఆ మాట కరిబియన్ దీవుల ఆదివాసుల భాషనుండి పుట్టినది. సైక్లోన్ అను మాటనో, కలకత్తాలో నివసించిన హెన్రీ పిడింగ్టన్ అను ఆంగ్లేయుడు బంగాళాఖాతపు తుఫానులను పరిశీలించి కల్పించెను. పాముచుట్టవలె గాలి తిరుగునని దాని భావము. పేర్లు వేఱైనను తత్త్వమొక్కటియే. సముద్రజలము ఇరువదియాఱు డిగ్రీలకు మించి వేడెక్కినపుడు ఆవిరి పైకెగసి, చల్లబడి నీరగుచు తనలోని వేడిని విడుచును. ఆ వేడియే గాలికి బలము. చుట్టునున్న గాలి ఆ లోటును పూరింప పరుగెత్తివచ్చి, భూభ్రమణమువలన వంపు తిరిగి సుడియగును. నీరెంత వెచ్చగానుండిన సుడికంత ఆహారము.

గ్రెనడా ప్రాంతము హరికేనుల మార్గమునకు కొంత దక్షిణమున నున్నది. అందువలన తమకు భయము లేదను నమ్మిక అచట స్థిరపడినది. 1955 సెప్టెంబరులో జానెట్ అను హరికేను గ్రెనడాను, కారియకూను ధ్వంసము చేసి నూఱుమందికి పైగా ప్రాణములు గొన్నది. పిదప నలువదితొమ్మిది యేండ్లు ఆ దేశము అంతటి దెబ్బ నెఱుగలేదు. చూచినవారు వృద్ధులైరి, చూడనివారు గృహస్థులైరి, ఇంటికప్పుల బిగింపు సడలినది. 2004 సెప్టెంబరు 7వ తేదీన ఐవాన్ వచ్చి గ్రెనడాలో నూటికి తొంబది ఇండ్లను దెబ్బతీసెను.

2024 జూన్ 28వ తేదీన అట్లాంటిక్ సముద్రమధ్యమున ఒక వాయుగుండము పుట్టెను. దానికి బెరిల్ అని పేరు పెట్టిరి. అది మఱునాటికే హరికేనై, 30వ తేదీకి నాల్గవ తరగతికి చేరెను. జూన్ మాసమున అట్లాంటిక్‌లో అంతటి హరికేను అంతకుముందెన్నడును నమోదు కాలేదు. సెప్టెంబరులో నుండదగిన వేడి ఆ నీటికి జూన్‌లోనే వచ్చియుండుట దీనికి ప్రధానకారణము. ఋతువు ఇంకను రాలేదని ఊరకున్నవారికి మిగిలినది రెండు దినముల వ్యవధి మాత్రమే.

ఆ రెండు దినములలో దీవులవారు చేయగలిగినది చేసిరి. కిటికీలకు పలకలు కొట్టిరి. కారియకూ పడమటితీరమున టిరెల్ బే అను అఖాతమునందు మడ అడవి కలదు. పడవలవారు తమ పడవలను ఆ మడచెట్ల నడుమకు చేర్చి త్రాళ్లతో బిగించిరి. మన కోరంగి మడ అడవుల నెఱిగినవారికి ఆ వేళ్ల పట్టు తెలియనిది కాదు. 30వ తేదీ సాయంకాలము గ్రెనడా ప్రభుత్వము అత్యవసర పరిస్థితిని ప్రకటించెను. జనులు ఆశ్రయములకు చేరిరి.

జులై 1వ తేదీ ఉదయము 11 గంటలు దాటిన పిమ్మట బెరిల్ కారియకూను తాకెను. గాలివేగము గంటకు సుమారు 240 కిలోమీటర్లు. అరగంటలో దీవి నేలమట్టమైనదని ప్రధాని డికన్ మిచెల్ ప్రకటించెను. కారియకూ, యూనియన్ ఐలండ్ దీవులలో నూటికి తొంబదికి తక్కువ కాకుండ ఇండ్లు దెబ్బతినెను. విద్యుత్తు, టెలిఫోను నిలిచిపోయెను. మడ అడవిలో దాచిన పడవలును పెక్కు చెడెను. కాని మరణములు 1955లోవలె నూఱులలో లేవు, వ్రేళ్లపై లెక్కింపదగినంతటివి.

ఈ భేదము ఊరక కలుగలేదు. 1955లో జానెట్ గర్భమునందు ప్రవేశించి దాని బలమును కొలువబోయిన అమెరికా నౌకాదళ విమానమొకటి పదునొకండుగురితో తిరిగిరాలేదు. అట్టివారి సాహసమువలనను, పిదప ఉపగ్రహములవలనను ముందుమాట సాధ్యమైనది. మన దివిసీమలో 1977 నవంబరు 19వ తేదీన సుమారు పదివేలమంది ఉప్పెనలో పోయిరి. 2014లో విశాఖపట్టణమును తాకిన హుద్‌హుద్ తుఫానులో ఇండ్లు, చెట్లు విశేషముగా కూలినను మరణములు పదులలోనే నిలిచినవి. వార్త సకాలమున అందుటయు, అందినవారు కదలుటయు ప్రాణరక్షణకు మూలములు.

ప్రాణము దక్కిన పిమ్మట బ్రతుకుట యెట్లను ప్రశ్న మిగులును. ఇందును ఆ చిన్నదేశము ముందుచూపు చూపినది. ఐవాన్ అనుభవముతో కరిబియన్ దేశములు 2007లో కలసి ఒక విపత్తు బీమానిధిని నెలకొల్పినవి. గాలి యింత, వాన యింత అని లెక్క తేలినంతనే, నష్టపుపట్టీలకై వేచియుండక, అది సొమ్ము చెల్లించును. బెరిల్ తరువాత గ్రెనడాకు నాలుగు కోట్ల డాలర్లకు మించి అందెను. 2015లో అప్పుల నొప్పందము తిరుగవ్రాయునపుడు, హరికేను వచ్చినయెడల వాయిదాలు నిలిపివేయవచ్చునను షరతును గ్రెనడా చేర్పించినది. 2024లో దానిని వినియోగించుకొన్నది. పంట సావి పోయినపుడు పూర్వము మన సర్కారు శిస్తు వజా ఇచ్చెడిది. కాని ఆ వజాకు అర్జీలు, అజమాయిషీలు కావలసియుండెను. ఇచట షరతు పత్రమునందే ముందుగా నున్నది. అయినను ఈ సొమ్ము నష్టములో కొంతభాగమే. సముద్రమును వేడెక్కించిన పొగలో ఆ దీవుల వంతు అత్యల్పము. దెబ్బ మాత్రము వారిది. ఈ అన్యాయమునకు లోకము ఇంకను సమాధానము చెప్పవలసియున్నది.

ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వరాదని మన పెద్దలమాట. నలువదితొమ్మిదేండ్ల శాంతి యొక దేశమును మఱపించెనన్నచో, మన గ్రామములకు మఱపు రాదని చెప్పలేము. కావున తుఫాను చూచిన వృద్ధులు గ్రామమున నున్నంతలోనే నీరు ఎంత ఎత్తు వచ్చినదో, ఏ వీధి మునిగినదో, ఎవరు ఎచట తలదాచుకొనిరో వారిచేత చెప్పించి వ్రాయించి ఈ గ్రంథాలయమున భద్రపఱచుట మేలు. యువకులు ఈ పనికి పూనుకొందురుగాక. సభ్యులందఱకు రజతోత్సవ శుభాకాంక్షలు.