సహనమని పొరబడిన మౌనం

సైన్యం నుండి పదవీ విరమణ పొంది వచ్చిన సోదరుడు మన వరుసలోనే నిలబడి నమాజు చేస్తున్నాడు. ఆయనకు రాత్రులు నిద్ర లేదని ఇంటివారు మొరపెట్టుకుంటే, సహనం వహించమన్నాము. ఆయన మౌనాన్నే సహనమని ప్రశంసించాము. పొరబడ్డాము.

వ్యాధికి చికిత్స చేయించుకోమన్నది దైవప్రవక్త (సఅసం) ఆదేశమే; మనోవ్యాధికి అందులో మినహాయింపు లేదు. ఆత్మహత్య హరామ్ అని హెచ్చరించి ఊరుకుంటే, బాధితుడు తన బాధను మరింత దాచుకుంటాడు. ప్రాణం తీసుకోవాలన్న తలంపు కలుగుతున్నదా అని సూటిగా అడుగుదాం. అడిగినందువల్ల ఆ తలంపు పుట్టదు. కాపలా ఉద్యోగం కోసం ఇంట తుపాకీ ఉంటే, కొంతకాలం చట్టప్రకారం వేరొకచోట భద్రపరచమందాం. మాజీ సైనికుల ఇ.సి.హెచ్.ఎస్. పాలీక్లినిక్‌కు తోడుగా వెళదాం. టెలీ మానస్ 14416 రాత్రింబవళ్ళు, తెలుగులోనూ పలుకుతుంది.

నేడు నమాజు ముగిశాక, ఆయన చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోకముందే పలకరిద్దాం.