నేల ఖాళీగా ఉంటే మందు కదలదు
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



మా సంఘంలో సగం మందిమి కౌలుకే చేస్తున్నాం. దుక్కి, విత్తనం, కూలి అన్నీ బ్యాంకు లింకేజీ అప్పుతోనే. మొలక చచ్చిపోయినా కౌలు కట్టాలి, నెల వాయిదా కట్టాలి. ఆ పొలంలో నిరుడు ఏ కలుపు మందు కొట్టారో మాత్రం మనకు ఎవరూ చెప్పరు. అందుకే ఈ రోజు ఆ సంగతే మాట్లాడుతున్నాం.

మొక్కజొన్న విత్తిన ఒకటి రెండు రోజుల్లోనే అట్రజిన్ కొడతారు. మొక్కజొన్న, జొన్న దాన్ని తట్టుకుంటాయి. పెసర, మినుము, నువ్వు, దోస లాంటివి తట్టుకోలేవు. మందు నేలలో మిగిలితే విత్తనం మొలుస్తుంది గానీ, తర్వాత ఆకు అంచుల నుంచి పసుపు తిరిగి ఎండిపోతుంది. చూసినవాళ్లు తెగులంటారు, నకిలీ విత్తనమంటారు. భూసార కార్డులో 12 అంశాలు రాసి ఇస్తారు, వాటిలో కలుపు మందు లేదు.

ఈ మందును విరగ్గొట్టేది ముఖ్యంగా నేలలోని సూక్ష్మజీవులు. వాటికి తడి కావాలి, తిండి కావాలి. బతికున్న వేళ్ల నుంచి ఊరే పదార్థాలు వాటికి తిండి. ఎండాకాలం నేల వట్టిగా, పొడిగా పడుంటే ఆ పని సాగదు, మందు అలాగే ఉండిపోతుంది. పైన పచ్చగా పంట ఉంటే వేళ్ల చుట్టూ జీవులు పెరిగి మందు తొందరగా తగ్గుతుంది. ప్రకృతి వ్యవసాయంలో వానలకు ముందు నవధాన్యాలు చల్లమంటారే, అది నేల బలానికే కాదు, దీనికీ పనికొస్తుంది.

ముందు పరీక్ష చేసుకోవాలి. దీనికి పైసా ఖర్చు లేదు. పొలంలో నాలుగైదు చోట్ల పైమట్టి తీసి కలిపి ఒక కుండీలో పోయండి. మందు కొట్టని పెరటి మట్టి ఇంకో కుండీలో పోయండి. రెండిట్లో పదేసి దోస గింజలు వేసి, ఎండలో పెట్టి, ఒకేలా నీళ్లు పోయండి. రెండు మూడు వారాల్లో తేడా కనిపిస్తుంది. పొలం మట్టిలో మొక్కలు మాడితే అక్కడ ముందు జొన్న వేయండి. మళ్లీ పరీక్ష చేసి, మొక్క నిలిస్తేనే జనుము, జీలుగ, పప్పుధాన్యాలు వేయండి. జనుము, జీలుగ పూతకొచ్చేసరికి కలియదున్నాలి.

రెండు జాగ్రత్తలు. మందున్న నేలలో వేసిన ఈ పైరును పశువులకు మేపొద్దు. లేత జొన్న మామూలు నేలలో పెరిగినా పశువుకు విషమే. ఇంకొకటి, కలుపు మందులన్నీ ఒకటి కావు. పారాక్వాట్ మట్టికి గట్టిగా అంటుకుని ఏళ్ల తరబడి ఉంటుంది. పైన పైరు పెంచినంత మాత్రాన అది పోదు. అసలు కొట్టకపోవడమే దానికి మందు.

సమాఖ్యను మేము కోరేది రెండే. నవధాన్యాల విత్తనం మన సంఘాల సభ్యుల దగ్గరే కొని, వానలకు ముందే ప్రతి గ్రామ సంఘానికీ చేర్చండి. కౌలుకు అప్పు రాసేటప్పుడు కుండీ పరీక్ష చేశారా అని ఒక మాట అడగండి. కౌలు మాట్లాడుకోక ముందే మట్టి సంగతి తెలిస్తే, ఆ నేల తీసుకోవాలో వద్దో, ఎంతకు తీసుకోవాలో మనమే తేల్చుకుంటాం.