పేరు నగరానిది, భాష కొద్దిమందిది

పెరూ దేశంలో అమెజాన్ ఒడ్డున ఇకీటోస్ అనే పెద్ద నగరం ఉంది. దేశంలోని మిగతా నగరాల నుంచి అక్కడికి రోడ్డు లేదు, పడవో విమానమో ఎక్కాల్సిందే. ఆ నగరానికి పేరు ఇచ్చిన ఇకీటో ప్రజల భాష మాత్రం ఈనాడు కొద్దిమంది వృద్ధుల నోటనే మిగిలింది. పింటుయాకు నది మీద శాన్ ఆంటోనియో అనే పల్లె వాళ్ల ముఖ్య స్థావరం.

ఈ భాషలో నన్ను కట్టిపడేసింది వాక్యంలో మాటల వరస. ఉదాహరణకు వాళ్ల రోజువారీ తిండి అయిన కర్రపెండలాన్నే తీసుకుందాం. 'ఆవిడ - వండు - కర్రపెండలం' అనే వరసలో చెబితే ఆ వంట నిజంగా జరిగినట్టో, జరుగుతున్నట్టో లెక్క. 'ఆవిడ - కర్రపెండలం - వండు' అని వరస మార్చారా, అది ఇంకా జరగాల్సిన పని! మన తెలుగులో మాటలు అటూ ఇటూ మారినా కాలం మారదు. లోకంలో ఇలాంటి వ్యాకరణం బహు అరుదు.

రబ్బరు వ్యాపారుల పెత్తనం, తర్వాత బడిలో స్పానిష్ ఒత్తిడి ఈ భాషను ఇళ్లలోంచి తరిమేశాయి. పిల్లలకు అందకుండా పోవడం ఎంత అన్యాయం! 2002 నుంచి శాన్ ఆంటోనియో పెద్దలు భాషాశాస్త్రవేత్తలతో కూర్చుని, ఓపిగ్గా మాట మాటా చెప్పి రాయించారు. ఆ శ్రమ ఫలితంగా 2019లో ఇకీటో-ఇంగ్లిష్ నిఘంటువు వెలువడింది.