రంపం పాడిన ఆల్బమ్

అమెరికాలో 1998లో ఒక రాక్ ఆల్బమ్ వచ్చింది. పేరు ‘ఇన్ ది ఏరోప్లేన్ ఓవర్ ది సీ’. పాడిన బృందం న్యూట్రల్ మిల్క్ హోటల్. పేరులో హోటల్ ఉన్నా, అది అచ్చంగా పాటల బృందమే!

పాటలు రాసి పాడింది జెఫ్ మాంగమ్. లూసియానా రాష్ట్రంలో రస్టన్ అనే చిన్న ఊరివాడు. ఆన్ ఫ్రాంక్ డైరీ చదివి కదిలిపోయాడు. నాజీల నిర్బంధంలో పదిహేనేళ్లకే కన్నుమూసిన ఆ అమ్మాయి జాడ ఈ పాటల్లో వినిపిస్తుంది.

రికార్డింగ్ 1997లో డెన్వర్‌లో జరిగింది. చిన్ననాటి స్నేహితుడు రాబర్ట్ ష్నైడర్ నిర్మాత. గిటారు శబ్దాన్ని కావాలనే బొంగురుపోనిచ్చారు. పక్కన ట్రంపెట్లు. ఆపైన రంపం! అవును, రంపమే. జూలియన్ కోస్టర్ దాని పిడిని మోకాళ్ల మధ్య బిగించి, రేకును వంచుతూ, అంచు మీద వయొలిన్ కమాను లాగుతాడు. మనిషి కూనిరాగం తీసినట్టే ఉంటుంది.

విడుదల చేసింది మెర్జ్ రికార్డ్స్ అనే చిన్న కంపెనీ. మొదట్లో పెద్ద సందడేమీ లేదు. కొన్నాళ్లకే మాంగమ్ తెరమరుగయ్యాడు. మరో ఆల్బమ్ రాలేదు.

కానీ పాటలు ఆగలేదు. ఆ నోటా ఈ నోటా పాకాయి. ఆర్కేడ్ ఫైర్ లాంటి బృందాలకు స్ఫూర్తినిచ్చాయి. 2013లో పాత బృందం మళ్లీ వేదికెక్కింది. ఈ ఆల్బమ్‌ను నిలబెట్టింది ప్రచారం కాదు, శ్రోతలే.

వినాలనుకుంటే మూడో పాటతో మొదలుపెట్టండి. ఆల్బమ్ పేరే ఆ పాట పేరు. రంపం అందులో స్పష్టంగా వినిపిస్తుంది.