ఫోనులో ఛార్జి నిలుపుకొనుట

సాయంకాలము ఇల్లు చేరిన మనిషి మొదట అడుగు మాట ఒకప్పుడు "మంచినీళ్ళు" అని యుండెడిది. ఇప్పుడు "ఛార్జరెక్కడ?" అని యడుగుచున్నాడు. మా ఇంట ఫోనులు నాలుగు, చేతికందు ప్లగ్గులు రెండు. ఆ రెంటికొరకు జరుగు వాదములు విన్నవారికి, ఈ విషయమును గూర్చి రేడియోలో ప్రసంగింపనేల యను సందేహము కలుగదు. శ్రోతల ఇండ్లలోను ఇదే వరుస యుండునని తలంచి ఈ నాలుగు మాటలు చెప్పుచున్నాము.

మొదట లెక్క చూతము. ఈనాడు సాధారణముగా దొరకు స్మార్ట్‌ఫోనులోని బ్యాటరీ 5000 మిల్లీ ఆంపియర్-అవర్లది. దీనిని వోల్టేజితో హెచ్చవేసినచో సుమారు 19 వాట్-అవర్లు వచ్చును. అనగా 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు ఒకటి రెండు గంటలు వెలుగుటకు సరిపడు శక్తి. మీటరులో ఒక యూనిట్ తిరుగులోపల ఇట్టి ఫోనును నలువది సార్లు నింపవచ్చును. కాబట్టి ఈ పొదుపు కరెంటు బిల్లు కొరకు కాదు. అవసరమైన వేళ ఫోను పలుకుట కొరకు.

ఆ వేళ ఎట్టిదో మేము 2014వ సంవత్సరమున నేర్చుకొంటిమి. అక్టోబరు 12వ తేదీ ఆదివారమునాడు హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణము మీదికి వచ్చినది. మేమప్పుడు ఆ నగరమునందే కాపురముంటిమి. ఉదయము మా ఫోనులో ఛార్జి నూటికి ఎనుబది పాళ్ళుండెను. కరెంటు పోయినది గనుక జాగ్రత్తపడి, ఎవరికిని ఫోను చేయక, దానిని బీరువాలో పెట్టి ఊరకుంటిమి. సాయంకాలము తీసి చూడగా ఇరువది పాళ్ళు మాత్రమే యున్నది. అర్ధరాత్రికి అదియు ఆరిపోయినది. మేము దానిని ముట్టనైనను ముట్టలేదు!

ఎదురింటి మాస్టారు తమ ఫోనును పూర్తిగా ఆపి, ఉదయమొకసారి, సాయంకాలమొకసారి పది నిమిషములు మాత్రము తెరచుచుండిరి. సోమవారము సాయంకాలము మా వీధి చివర కొంతసేపు సిగ్నలు వచ్చినది. మాస్టారు కాకినాడలోని కుమారునితో మాటాడిరి. మాకు ఆ సంగతి మరునాడు తెలిసినది. ఆ మరునాడే రాజమండ్రి నుండి మా బావగారు, బస్సు సాగినంత మేర బస్సులోను, తక్కిన దూరము కూలిన చెట్ల నడుమ నడచియు, మా గుమ్మము ముందు నిలిచిరి. "మీ అక్క రెండు దినములుగా అన్నము ముట్టలేదురా" యన్నదే వారి మొదటి మాట.

ఇంతకును బీరువాలోని ఫోను చేసిన ఖర్చేమి? ఫోను మన చేతిలో లేనప్పుడును ఊరకుండదు. సమీపమున నున్న టవరుతో అప్పుడప్పుడు పలుకరింపులు జరుపుచుండును. టవరు దగ్గరగా నున్నచో మెల్లగా పలికిన చాలును. దూరమైనకొలది గొంతు హెచ్చింపవలెను, అనగా ఎక్కువ శక్తితో తరంగములను పంపవలెను. టవరే కానరానప్పుడు ఒక్కొక్క బ్యాండునే తడవి మాటిమాటికి వెదకుచుండును. సంతలో తప్పిపోయిన పిల్లవాడు తల్లిని పిలిచి పిలిచి అలసిపోవునట్లు, మా ఫోను కూలిన టవర్లను వెదకి వెదకి సొమ్మసిల్లినది. రైలు ప్రయాణములలోను, కొండదారులలోను, ఇనుపరేకుల గోదాములలోను ఛార్జి త్వరగా దిగిపోవుటకు కారణమిదే. ఇట్టి చోట్ల ఫోనును ఫ్లైట్ మోడులో నుంచిన ఈ వెదకులాట ఆగును. ఆ పేరు చూచి అది విమానమెక్కువారికే యని చాలమంది అనుకొందురు. నిజమునకు మన పల్లె బస్సులోనే దానికి పని యెక్కువ.

సిగ్నలు బాగుగా నున్న ఇంటిలో మాత్రము ప్రథమ ఖర్చుదారు తెర. దాని వెలుగును సగమునకు తగ్గించుటకంటె సులభమైన ఉపాయము లేదు. ముప్పది సెకండ్లు ముట్టనిచో తెర తానై ఆరునట్లు అమర్చుకొనుట రెండవది. నల్లని తెర పెట్టుకొన్న ఛార్జి మిగులునని పిల్లలు చెప్పుచుందురు. అది సగము నిజము. ఓలెడ్ తెరలలో ప్రతి చుక్కయు తన వెలుగు తానిచ్చును గనుక నల్లని చుక్క ఖర్చు చేయదు. ఎల్.సి.డి. తెరలలో వెనుక దీపము ఎల్లప్పుడును వెలుగుచునే యుండును. అచట నలుపైనను తెలుపైనను ఖర్చు ఇంచుమించుగా నొక్కటే. వీడియో కాలులో తెర, కెమెరా, సిగ్నలు మూడును ఒక్కసారి పనిచేయును. అమెరికాలోని మనుమని ముఖము చూడవలదని మేమనము. ఛార్జి తక్కువైననాడు గొంతు విని తృప్తిపడుట మేలు.

వాడి విడిచిన యాప్‌లను నిమిషమునకొకసారి వ్రేలితో పైకి త్రోసివేయు అలవాటు పెక్కుమందికి కలదు. మాకును ఉండెడిది. దాని వలన లాభము లేదు. అవి చాలవరకు నిద్రావస్థలో నుండును. మూసి మరల మొదటినుండి తెరచుటకే శక్తి హెచ్చుగా కావలెను. నిజముగా తినుచున్న యాప్ ఏదో సెట్టింగులలో బ్యాటరీ యను చోట వ్రాసియుండును. అచట చూచి, అక్కరలేని దానికి లొకేషన్ అనుమతి తీసివేయవలెను.

ఒక దినపు ఛార్జి వేరు, బ్యాటరీ ఆయుస్సు వేరు. ఆయుస్సునకు శత్రువు వేడిమి. టార్చిలైటు సెల్లులు నీరసించినప్పుడు వాటిని ఎండలో పెట్టుట మన ఇండ్లలో ఎరుగనివారు లేరు. ఆ వెచ్చదనమునకు అవి మరి కొంతసేపు వెలిగెడివి. ఆ వైద్యము ఫోనునకు చేయరాదు. దీనిలోనిది లిథియమ్-అయాన్ బ్యాటరీ. సోనీ సంస్థ 1991లో దీనిని తొలిసారి విపణిలోనికి తెచ్చినది. దీని వికాసమునకు కారకులైన గుడినఫ్, విటింగ్‌హామ్, యోషినోలకు 2019లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి లభించినది. ఎండలో నిలిపిన కారులో ఫోను వదలుట, దిండు క్రింద నుంచి ఛార్జి చేయుట, ఛార్జి అగుచుండగా పిల్లలకు ఆటకిచ్చుట, ఇవి మూడును దాని ఆయుస్సును తినివేయును. పూర్తిగా సున్నాకు దిగిన పిదపనే నింపవలెనన్న మాట పూర్వపు నికెల్-కాడ్మియమ్ బ్యాటరీల నాటిది. ఇప్పటి బ్యాటరీకి నూటికి ఇరువదికిని ఎనుబదికిని నడుమ నుండుటయే సుఖము. ఉబ్బిన బ్యాటరీని మాత్రము ఒక్క దినమైనను వాడరాదు. దానిని పొడిచి చూచు సాహసమును చేయరాదు.

తుపాను హెచ్చరిక వచ్చిననాడు ఈ ఇరువది ఎనుబదుల నియమమును ప్రక్కకు పెట్టి, ఫోనును, పవర్ బ్యాంకును నూటికి నూరు పాళ్ళు నింపవలెను. తెర వెలుగును పూర్తిగా తగ్గింపవలెను. చీకటిలో ఫోను దీపమునకు బదులు టార్చి వాడవలెను. వార్తలకు ఫోనును తెరువనక్కరలేదు. శ్రోతల ఇంట రేడియో ఉండనే యున్నది. దానికి రెండు సెల్లులు అదనముగా కొనియుంచిన చాలును. సిగ్నలు సన్నగా నున్నప్పుడు కాలు కలియకపోయినను, "క్షేమము" అన్న ఒక్క మాట ఎస్.ఎమ్.ఎస్. పంపినచో పెక్కుమారులు అందును. ఖర్చును స్వల్పమే.

అన్నిటికంటె ముఖ్యమైనది, ఫోను తెరచు వేళలను దూరమున నున్న బంధువులతో ముందే అనుకొనుట. వేళ తెలియనిచో వారు గంటకొకసారి ప్రయత్నించి తమ ఛార్జిని పోగొట్టుకొందురు, ఫోను ఆగియున్నదని విని మనసును పాడుచేసికొందురు. మా ఇంటను, రాజమండ్రిలో అక్కగారి ఇంటను, క్యాలెండరు అట్టమీద ఆ వేళలు వ్రాసి యున్నవి: ఉదయము ఏడు గంటలు, సాయంకాలము ఏడు గంటలు, పదేసి నిమిషములు. అక్కగారు తమ వంతుగా దాని క్రింద ఎర్ర సిరాతో "ఫోను కలియకపోయినచో బావగారు బయలుదేరరాదు" అని చేర్చిరి.