లేకపోవడం వేరు, వదులుకోవడం వేరు

పిల్లల చదువు కోసం ఎన్నో మానుకుని ఇవాళ వెనక వరుసల్లో కూర్చున్న తల్లిదండ్రులారా, పట్టాలు అందుకున్న మిత్రులారా!  

స్నాతకోత్సవంలో మహనీయుల జీవితాలు తలుచుకోవడం ఆనవాయితీ. నేను ఒక తాబేలు వంశం గురించి చెబుతాను. మన గోదావరి, కృష్ణల్లో ఇప్పటికీ బతుకుతున్న మెత్తని డిప్ప తాబేళ్ళ వంశం అది. వాటి వీపు మీద గట్టి పెంకులుండవు. తోలు కప్పిన చదునైన డిప్ప, వంగే అంచులు, సన్నగా సాగిన ముక్కు. చూడగానే ఎవరికైనా తోచేది ఒకటే: ఈ తాబేలు ఇంకా పూర్తిగా తయారు కాలేదు, తాబేళ్ళ తొలి రూపం ఇదే అయ్యుంటుంది అని.

వినడానికి సబబుగానే ఉంటుంది. శిలాజాలు ఒప్పుకోవు.

నిజంగా డిప్ప సగమే తయారైన తాబేలు కావాలంటే, 2008లో ప్రకటించిన ఒడాంటోకెలిస్ ఉంది. చైనాలో దొరికిన ఈ 22 కోట్ల ఏళ్ళ నాటి జీవికి పొట్టవైపు డిప్ప వచ్చేసింది, వీపు మీద ఇంకా రాలేదు. ఆ తరవాతి కాలపు ప్రోగానోకెలిస్‌కు, అంటే దాదాపు 21 కోట్ల ఏళ్ళ కిందటికే, రెండువైపులా నిండు డిప్ప ఉంది. మన ప్రాణహిత–గోదావరి లోయలోని కోట అనే రాతి పొరల్లో బయటపడి, 2000లో ఇండోకెలిస్ అనే పేరు పొందిన జురాసిక్ తాబేలుదీ గట్టి డిప్పే. మెత్తని డిప్ప వాళ్ళు రంగంలోకి వచ్చింది వీటన్నిటికీ ఎంతో తరవాత, క్రెటేషియస్ తొలిభాగంలో, ఆసియాలో. చైనాలోని లియావోనింగ్‌లో సుమారు 12 కోట్ల ఏళ్ళ నాటి రాళ్ళలో దొరికిన పెరోకెలిస్ గురించి 2015లో ప్రచురించారు. దాని ఎముకల తీరు ఇవాళ్టి మెత్తని డిప్ప తాబేళ్ళకు చాలా దగ్గర.

పెంకులు ఎలాగూ కుళ్ళిపోతాయి కదా, అవి ఉండేవో లేవో రాయిలో ఎలా తెలుస్తుంది? మామూలు తాబేలు డిప్ప ఎముకను దగ్గరగా చూడండి. రెండు పెంకులు కలిసే చోట ఎముక మీద సన్నని గాడి ఉంటుంది. పెంకు పోయినా గాడి పోదు. మెత్తని డిప్ప తాబేలు ఎముక మీద ఆ గాడులుండవు. పైతలమంతా చిన్న చిన్న గుంటలు, మధ్య సన్నని గట్లు, దుమ్ము నేల మీద తొలి చినుకులు పడ్డట్టు.

అసలు సాక్ష్యం చుట్టాల దగ్గర ఉంది. అడోకస్ అనే పాత బంధువు డిప్ప మీద ఈ గుంటల నగిషీ ఉంది, పెంకుల గాడులూ ఉన్నాయి, డిప్ప చుట్టూ అంచు ఎముకలూ ఉన్నాయి. న్యూగినీ, ఉత్తర ఆస్ట్రేలియా నదుల్లోని పందిముక్కు తాబేలుకు పెంకులు పోయి తోలు మిగిలింది, అంచు ఎముకలు మాత్రం ఉన్నాయి. మన తాబేలుకు అవీ పోయాయి. అంటే ఇది సగంలో ఆగిన పని కాదు. తాతలనాటి ఆస్తిని కొంత వదులుకున్న వంశం.

వదులుకున్నందుకు దక్కింది కూడా ఉంది. ఒళ్ళు చదునై బురదలో, ఇసుకలో దాగడం తేలికైంది. నీళ్ళలో ఉండగానే తోలు గుండా ప్రాణవాయువు అందుతుంది. అయితే దానికీ ఖరీదుంది. జర్మనీలోని మెసెల్ గనిలో 4.7 కోట్ల ఏళ్ళ నాటి పందిముక్కు తాబేలు బంధువులు జతకట్టిన జంటలుగానే దొరికాయి. అక్కడి ఒకప్పటి సరస్సు పై నీళ్ళలో కలిసిన జంటలు అలాగే లోతుకు జారాయని, అడుగున ఉన్న విషం తోలు గుండా ఒంటికెక్కి చనిపోయాయని 2012లో పరిశోధకులు వివరించారు. ఇంకో వింత: మెత్తని డిప్ప తాబేళ్ళలోనే ఉత్తర అమెరికాకు చెందిన ప్లాస్టోమెనిడ్ శాఖలో పొట్టవైపు ఎముక మళ్ళీ బలంగా పెరిగింది. పరిణామం ఒకే దిక్కుగా నడిచే ఎద్దుబండి కాదు.

ఈ తాబేళ్ళు శిలాజాలు చదివే నాలాంటివాళ్ళకు ఒక హెచ్చరిక కూడా చేశాయి. గుంటలుండి గాడులు లేని ముక్క దొరికితే వంశం చెప్పడం సులువు, జాతి చెప్పడం కష్టం. అయినా పూర్వం ముక్క ముక్కకీ కొత్త జాతి పేరు పెట్టారు. వాటిలో చాలా పేర్లు తరవాత నిలవలేదు. ఉన్న ఎముక చెప్పగలిగిన దానికన్నా ఎక్కువ దానిచేత చెప్పించారు.

మిత్రులారా, రేపు మీలో కొందరు ఆఫీసర్లవుతారు, కొందరు డాక్టర్లు, కొందరు పంతుళ్ళు. ఒక ఊళ్ళో బడి ఉండదు. ఎన్నడూ పెట్టలేదా, పెట్టాక మూతపడిందా? ఒక రైతు వరి వేయడు. చేతకాకనా, లెక్క చూసుకుని మానేశాడా? ఒక విద్యార్థి నోరు విప్పడు. తెలియకనా, ఒకసారి మాట్లాడి చివాట్లు తిన్నాడా? పైకి అన్నీ ఒకేలా కనిపిస్తాయి, చేయాల్సిన పని మాత్రం ఒకటి కాదు. కాబట్టి ఫైలు మీద సంతకం పెట్టే ముందు, అంతకుముందు అక్కడ ఏముండేదో, పక్క ఊళ్ళో ఏముందో అడగండి. చేతిలో ఉన్న ఆధారం ఎంత చెబితే అంతే రాయండి. మిగతాది మరొకరు పూరించేందుకు ఖాళీగా ఉంచితే తప్పేమీ లేదు.

మీరు కూడా బతుకులో కొన్ని వదులుకుంటారు. ఏది, ఎందుకు, దేని కోసం అన్నది మీకు తెలిసి వదులుకోండి.