కత్తి లేని వేడుక



వర్తకుడనగు నాకు పాండిత్యము లేదు. చదివి తెలిసికొన్నది మనవి చేయుదును.

కెన్యా దేశపు పలు పల్లెలలో బాలిక పెద్దదైనదనుటకు గుర్తుగా జననాంగమునందలి భాగమును కోసివేయు ఆచారము తరతరములనుండి వచ్చుచున్నది. రక్తస్రావము, చీము, పిదప కాన్పులో ప్రాణాపాయము దాని ఫలములు. తల్లులు క్రూరులు గారు. కోయించుకొనని పిల్లకు పెండ్లి కాదని వారి భయము.

1996లో థరాకా ప్రాంతపు గటుంగా గ్రామమున సుమారు 30 కుటుంబములు వేరొక త్రోవ త్రొక్కినవి. "మాటలతో సంస్కారము" అని దాని పేరునకు అర్థము. బాలికలను వారము దినములు వేరుగా నుంచి, దేహధర్మములను, పెద్దలయెడ మర్యాదను బోధించి, తుదిదినమున ఆటపాటలతో, కానుకలతో గౌరవించిరి. కత్తి మాత్రము లేదు.

2001లో పాపులేషన్ కౌన్సిల్ పరిశోధకులు ఇట్టి వేడుకలను పరిశీలించి, ముందుగా ఊరివారి మనస్సు మార్చక వేడుక యొక్కటే జరిపిన ఫలము స్వల్పమనిరి. 2011లో చట్టము కోతను నిషేధించినది. ఐనను చాటుగా జరుగుచునే యున్నది.

రజస్వలయైన పిల్లను కూర్చుండబెట్టి, చిమ్మిలి పెట్టి, పేరంటము చేయు మనకు గటుంగా వేడుక వింత గాదు. బోధించుట యొక్కటే మనకు వింత. నా పెద్దకుమార్తె వేడుకకు ఎన్ని విస్తళ్లు లేచినవో నా చిట్టాలో నున్నది. ఆ దినములలో ఆమెకు ఎవరేమి చెప్పిరో నేనడుగలేదు.